నేలలో ఇనుము ఉన్నా మిరప ఎందుకు పాలిపోతుంది? యల్లాప్రగడ సుబ్బారావు జీవితం చెప్పే సంగతులు

సత్తెనపల్లి చుట్టుపక్కల నల్లరేగడిలో మిరప వేసే రైతులకు ఇది తెలిసిన సంగతే. నాటిన నెల, నెలన్నరకు తోటలో అక్కడక్కడా మొక్కల చివర లేత ఆకులు పాలిపోతాయి. ఈనెలు పచ్చగానే ఉంటాయి, ఈనెల మధ్య మాత్రం పసుపు తిరుగుతుంది. యూరియా వేసినా రంగు మారదు. కొట్టుకు వెళితే ఒకరు వైరస్ అంటారు, ఇంకొకరు తామర పురుగు అంటారు, ఏదో ఒక సీసా చేతిలో పెడతారు. ఆకు ముడుచుకోకుండా, మెలి తిరగకుండా, లేత ఆకులే ముందు పసుపెక్కితే అది చాలాసార్లు ఇనుపధాతు లోపం.

అలాగని మన నేలలో ఇనుము లేదనుకోకండి. ఎకరం పొలంలో పైన జానెడు లోతు మట్టి దాదాపు 9 లక్షల కిలోలు తూగుతుంది. అందులో నూటికి మూడు పాళ్లే ఇనుము అనుకున్నా 27 వేల కిలోలు. మిరప పంటకు కావలసింది గ్రాముల లెక్క. మరి లోపం ఎందుకు వస్తుందంటే, ఉన్న ఇనుము తుప్పు రూపంలో మట్టికి అంటుకుని ఉంటుంది, నీటిలో కరగదు. నేల ఉదజని సూచిక ఒక అంకె పెరిగితే కరిగే ఇనుము వెయ్యో వంతుకు పడిపోతుంది. సున్నం ఉన్న మన నల్లనేలల్లో ఆ సూచిక 8 దాకా, కొన్నిచోట్ల ఇంకా పైకి ఉంటుంది. గాదెలో ధాన్యం ఉండి తాళంచెవి లేని ఇల్లు ఎలాగో, ఇనుము విషయంలో మన నేల అలాగ.

ఈ తాళం తీసే పని కోట్ల ఏళ్లుగా చేస్తున్నవి నేలలోని సూక్ష్మజీవులు. అవి ఆ పని ఎలా చేస్తాయో లోకానికి తెలిసిన కథలో మన భీమవరం మనిషి పేరు ఒకటి ఉంది. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. గర్భిణులకు అంగన్‌వాడీలో ఇచ్చే మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది కదా, ఆ ఫోలిక్ యాసిడ్‌ను మొదట ప్రయోగశాలలో తయారు చేసింది ఆయన నడిపిన బృందమే. సూక్ష్మజీవులు ఇనుము తెచ్చుకునే విధానాన్ని ఆయన స్వయంగా కనిపెట్టలేదు, ఆ మాట ముందే చెప్పాలి. ఆయన దగ్గర పనిచేసినవాళ్లు, ఆయన పోయిన నాలుగేళ్లకు, ఆయన బృందం వాడిన దారిలోనే వెళ్లి ఆ కథలో ఒక ముఖ్యమైన ముక్కను బయటపెట్టారు.

భీమవరం నుంచి మద్రాసుకు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో డబ్బుకు కటకట. పన్నెండు, పదమూడేళ్ల వయసులో కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదించాలని ఇల్లు విడిచి బయలుదేరితే, పట్టుకుని వెనక్కి తెచ్చారని చెప్పుకుంటారు. చదువు కూడా సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు, అదీ మద్రాసు హిందూ హైస్కూలులో చేరాక. పిల్లవాడు పదో తరగతి తప్పాడని బెంగపడే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు.

ప్రెసిడెన్సీ కాలేజీ రోజుల్లో రామకృష్ణ మిషన్ వైపు మనసు మళ్లి సన్యాసం తీసుకుందామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. సేవ చేయడానికి వైద్యం మంచి దారి అనుకుని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరి గారితో పెళ్లయింది. చదువు ఖర్చులో మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చేయి వేశారు. అది గాంధీ గారి పిలుపు ఊరూరా వినిపిస్తున్న కాలం. సుబ్బారావు ఖద్దరు కట్టుకుని కాలేజీకి వెళ్లారు, శస్త్రచికిత్స చెప్పే ఇంగ్లీషు ప్రొఫెసరుకు అది నచ్చలేదు. చివరకు ఎంబీబీఎస్ దక్కలేదు, అంతకన్నా తక్కువైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరక్క మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పుకున్నారు.

ఆయన్ను కదిలించిన దెబ్బ ఇంట్లోనే తగిలింది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు. స్ప్రూ అంటే తిన్నది పేగులు ఒంటబట్టించుకోలేని జబ్బు. ఆగని విరేచనాలు, నాలుక పూత, రక్తం పలుచబడటం, మనిషి చిక్కి శల్యమవడం. కంచంలో అన్నం ఉంటుంది, కడుపులోకి వెళుతుంది, ఒంటికి మాత్రం పట్టదు. ఉండటం వేరు, అందటం వేరు అన్న తేడా ఆయన బతుకంతా వెంటాడింది. మన పాలిపోయిన మిరప బాధ కూడా అదే తేడాలో ఉంది.

రాత్రి కూలి, పగలు చదువు

సుబ్బారావు అమెరికాలోని బోస్టన్ చేరారు. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం కలిస్తే గాని ఆ ప్రయాణం కుదరలేదు. హార్వర్డ్‌లో ఉష్ణదేశపు జబ్బుల చదువులో చేరారు. చేతిలో డబ్బు లేదు. ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పనికి కుదిరి, పగలు చదువుకున్నారు. ఆయన వెళ్లాక ఇంటి దగ్గర పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. ఆ బిడ్డను తండ్రి చూడలేదు. మళ్లీ ఆయన ఈ దేశం రానూ లేదు. శేషగిరి గారి జీవితమంతా ఎదురుచూపుగానే మిగిలింది. గొప్పవాళ్ల కథలు చెప్పేటప్పుడు ఈ లెక్క కూడా చెప్పాలని నా అభిప్రాయం.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఆయన ప్రకటించిన పద్ధతి భాస్వరాన్ని కొలిచేది. రక్తంలోనో మూత్రంలోనో ఉన్న కొద్దిపాటి భాస్వరాన్ని మాలిబ్డేట్‌తో కలిపి నీలిరంగుగా మార్చి, ఆ నీలం ఎంత ముదురుగా ఉందో చూసి లెక్క కట్టడం. మీరు మట్టి నమూనా ఇస్తే భూసార పరీక్ష కేంద్రంలో భాస్వరం చూసేదీ ఇలాంటి నీలిరంగుతోనే. మందుల వివరాలు కొంత మారాయి, సూత్రం అదే. అదే పద్ధతి సాయంతో కండరాల్లో శక్తిని దాచే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, జీవకణానికి ఇంధనమైన ఏటీపీని 1929లో బయటపెట్టారు. ఏటీపీని అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టారు.

భాస్వరం మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పి ముందుకు వెళతాను. మీ భూసార కార్డులో భాస్వరం ఎక్కువ అని ఉంటే డీఏపీ, కాంప్లెక్సు ఎరువులు మామూలు మోతాదులో వేయకండి. మిగులు భాస్వరం ఇనుమును, జింకును పట్టి బిగిస్తుంది. పక్క రైతు రెండు కట్టలు వేశాడని మనమూ రెండు కట్టలు వేస్తే, డబ్బు పోవడంతో పాటు ఆకు కూడా పాలిపోతుంది.

సూక్ష్మజీవిని త్రాసుగా వాడటం

హార్వర్డ్‌లో తగిన స్థానం దక్కలేదు. 1940లో సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో చేరారు, తర్వాత అక్కడి పరిశోధనకు అధిపతి అయ్యారు. అక్కడ ఆయన బృందం పట్టుకున్న పని రక్తహీనతకు మందు. బొంబాయి మిల్లు కార్మికుల కుటుంబాల్లో గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతోందని లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1931లోనే చూపించారు. ఆ ఈస్ట్‌లో, కాలేయంలో ఉన్న పదార్థం ఏమిటో తేలలేదు. టన్నుల సరుకు నుంచి చిటికెడు తీయాలి. తీసింది అసలు సరుకో కాదో ప్రతి మెట్టులో తెలియాలి. మనిషికి ఇచ్చి చూస్తే నెలలు పడుతుంది.

ఇక్కడే వాళ్లు, ఆ రంగంలోని మరికొందరు, ఒక తెలివైన దారి వాడారు. పెరుగు తోడుపెట్టే జాతికి దగ్గరి చుట్టమైన లాక్టోబాసిల్లస్ కేసీ అనే బ్యాక్టీరియాకు ఆ పదార్థం లేకపోతే ఎదుగుదల లేదు. దానికి అన్నీ పెట్టి ఆ ఒక్కటి ఆపుతారు. తర్వాత సారాన్ని ఒక చుక్క వేస్తారు. బ్యాక్టీరియా ఎంత పెరిగితే సారంలో సరుకు అంత ఉన్నట్టు. బంగారం తూచే త్రాసు కూడా అంత సూక్ష్మంగా తూచదు. ఈ దారిలో ఫోలిక్ యాసిడ్‌ను విడదీసి, దాని నిర్మాణం తేల్చి, 1945లో కృత్రిమంగా తయారు చేశారు. స్ప్రూ రోగులకూ అది పనిచేసింది. అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకు వాళ్ల జబ్బుకు మందు ఆయన ప్రయోగశాల నుంచే వచ్చింది.

మిగతావి త్వరగా చెబుతాను. బోదకాలుకు ఇప్పటికీ వాడే డీఈసీ మాత్ర 1947లో అక్కడిదే. ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉండి దాని పనిని అడ్డుకునే పదార్థాలూ అక్కడే పుట్టాయి. వాటిలో ఒకదానితో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు పిల్లల రక్త క్యాన్సరును తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టగలిగారు. ఆ కుటుంబంలోని మెథోట్రెక్సేట్ ఈనాటికీ వాడుకలో ఉంది.

ప్రయోగ క్షేత్రం మట్టిలో దొరికిన మందు

రైతులుగా మీరు ఆగి వినవలసింది తర్వాతి సంగతి. సుబ్బారావు తన ప్రయోగశాలకు బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్తను తెచ్చుకున్నారు. ఆయన మొక్కల తెగుళ్ల మీద పేరున్న పుస్తకం రాసినవాడు, అప్పటికి ఉద్యోగ విరమణ చేసి డెబ్భై దాటినవాడు. ఆయన పని నానాచోట్ల నుంచి మట్టి తెప్పించుకుని అందులో మందు తయారు చేసే సూక్ష్మజీవి ఉందేమో వెతకడం. మిస్సోరి విశ్వవిద్యాలయంలో 1888 నుంచి నడుస్తున్న సాన్‌బోర్న్ వ్యవసాయ ప్రయోగ క్షేత్రం ఉంది. మన లాం ఫారం లాంటిదే అనుకోండి. అక్కడ గడ్డి పెంచే ఒక మడి నుంచి పంపిన మట్టిలో బంగారు రంగు బూజులా పెరిగే బ్యాక్టీరియా దొరికింది. పేరు స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్. తొలకరి పడగానే కమ్మటి మట్టి వాసన వస్తుందే, ఆ వాసన పుట్టించేది ఈ స్ట్రెప్టోమైసిస్ కుటుంబమే. దాని నుంచి తీసిన ఆరియోమైసిన్ 1948 జులైలో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ జాతి మందులన్నిటికీ అదే పెద్దన్న.

ఆ మరుసటి నెలలో, 1948 ఆగస్టులో, సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి పోయారు. వయసు 53.

టెట్రాసైక్లిన్ జాతి మందులకు ఒక గుణం ఉంది. అవి ఇనుమును, కాల్షియాన్ని పట్టుకుంటాయి. డాక్టరు ఈ మందు రాసినప్పుడు పాలతో గాని, ఇనుము మాత్రతో గాని కలిపి వేసుకోవద్దని చెప్పడం అందుకే. కలిస్తే ఇనుము, మందు ఒకదాన్నొకటి పట్టుకుని రెండూ ఒంటికి అందకుండా పోతాయి. సూక్ష్మజీవి తయారు చేసే చిన్న పదార్థం ఇనుమును పట్టగలదన్న మాట ఇక్కడ గమనించండి.

పేడలో దొరికిన గరిగ

ఆవు పేడ, గుర్రపు పేడ తేమగా ఒకచోట ఉంటే వారంలో దాని మీద గాజుపూసల్లాంటి బూజు మొలుస్తుంది, నెత్తిన నల్లటి టోపీతో. పేరు పైలోబోలస్. పొద్దు పొడిచాక వెలుగు ఉన్న వైపు ఆ టోపీని బారెడు దూరం పేల్చి విసురుతుంది. గడ్డి మీద పడ్డ టోపీని పశువు మేస్తుంది, మళ్లీ పేడలోకి వస్తుంది. ఈ బూజును ప్రయోగశాలలో పెంచబోతే పేడ కషాయం పోస్తే గాని పెరగలేదు. అంటే పేడలో దానికి కావలసినది ఏదో ఉంది.

లెడర్లీలో సి. డబ్ల్యు. హెసెల్టైన్ అనే శిలీంధ్ర శాస్త్రవేత్త, సుబ్బారావు బృందంలో ఫోలిక్ యాసిడ్ మీద పనిచేసిన హచింగ్స్, బొహోనోస్ తదితరులు కలిసి ఈ ప్రశ్న పట్టుకున్నారు. దారి పాతదే. ఒక్కటి లేక పెరగని జీవిని త్రాసుగా పెట్టుకుని, సారాన్ని శుద్ధి చేసుకుంటూ వెళ్లడం. 1952లో ఆ పదార్థాన్ని ప్రకటించి, పేడకున్న గ్రీకు పేరుతో కోప్రోజెన్ అన్నారు. దాని నడుమ ఇనుము ఉంది. అదే ఏడాది కాలిఫోర్నియాలో నీలాండ్స్ అనే ఆయన కాటుక తెగులు కలిగించే జాతి శిలీంధ్రం నుంచి ఇనుమును పట్టుకున్న ఇంకో పదార్థాన్ని, ఫెర్రిక్రోమ్‌ను, తీశారు. అవి విటమిన్ల లాంటివేమో అన్న అనుమానం కొన్నాళ్లు నడిచింది. చివరకు తేలింది ఏమంటే, ఇవి ఇనుమును మోసుకొచ్చే పనిముట్లు. వీటికి సిడెరోఫోర్లు అని పేరు. ఆ పదానికి అర్థం ఇనుము మోసేవి.

పని విధానం మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే మన పాతాళగరిగను తలుచుకోవాలి. బావిలో బిందె పడితే చుట్టూ కొక్కేలున్న గరిగను తాడుకు కట్టి దించేవాళ్లం కదా. ఇనుము కరువైనప్పుడు బ్యాక్టీరియా ఇలాంటి గరిగలను తయారు చేసి ఒంటి బయటకు వదులుతుంది. ఇంచుమించు ప్రతి మంచి గరిగకూ ఆరు కొక్కేలు ఉంటాయి, ఆరింటితో ఒక్క ఇనుము రేణువును చుట్టి పట్టేస్తుంది. తుప్పు నుంచి కూడా ఊడదీస్తుంది. ఇనుముతో నిండిన గరిగ తేలుతూ తిరిగి వచ్చి బ్యాక్టీరియా ఒంటిమీది గుమ్మానికి తగులుతుంది. ఆ గుమ్మం తన గరిగ ఆకారాన్ని గుర్తుపట్టి, శక్తి ఖర్చుపెట్టి మరీ లోపలికి లాక్కుంటుంది. లోపల ఇనుము రూపం మార్చి వదిలిస్తుంది, కొన్ని జాతులైతే గరిగనే ముక్కలు చేస్తాయి. కడుపు నిండగానే తయారీ ఆపేస్తుంది. అక్కరకు మించి ఒక్క గరిగ కూడా చేయదు, ఎందుకంటే ఎక్కువైన ఇనుము దానికి విషమే.

పరాయి గరిగలను దొంగిలించి బతికేవీ ఉన్నాయి. తాను తయారు చేయకుండా ఎదుటివాళ్ల గరిగకు సరిపడే గుమ్మం ఒకటి పెట్టుకుంటాయి. పైలోబోలస్ ఆ బాపతే. పేడలో ఇతర జీవులు వదిలినదాన్ని ఎత్తుకుని పెరుగుతుంది. మన ఒంట్లోనూ ఇదే పోరు నడుస్తుంది. రక్తం ఇనుమును విడిగా తిరగనీయకుండా ఒక ప్రొటీన్‌కు కట్టేసి ఉంచుతుంది. రోగం కలిగించే క్రిమి గరిగ వేసి లాగడానికి చూస్తుంది. తలసేమియా పిల్లలకు రక్తం ఎక్కించగా ఎక్కించగా ఒంట్లో ఇనుము పేరుకుపోతే, దాన్ని బయటకు లాగేందుకు ఇచ్చే డెస్‌ఫెర్రియాక్సమిన్ కూడా స్ట్రెప్టోమైసిస్ కుటుంబం చేసిన గరిగే.

హెసెల్టైన్ ఇంకో పని చేశారు. మురుగునీటి శుద్ధి కేంద్రంలో దొరికిన కొత్త శిలీంధ్రానికి 1953లో సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టారు, పోయిన తన పెద్ద పేరు మీద. 1995లో ఆయన శతజయంతికి మన తపాలా శాఖ స్టాంపు వేసింది.

మన పొలంలో దీని పని

నారుకుళ్లుకు, ఎండు తెగులుకు మేం సూడోమోనాస్ వాడమంటాం. అది నీటిలో ఆకుపచ్చ పసుపు మెరుపుతో కనిపించే గరిగను వదులుతుంది. వేరు చుట్టూ ఉన్న కాస్త ఇనుమును ముందే పట్టేసి, తెగులు కలిగించే బూజుకు దొరక్కుండా చేస్తుంది. 1980లో క్లోపర్, ఆయన సహచరులు దీన్ని ప్రయోగంతో చూపించారు. ఇనుము కలిపి పోస్తే ఆ రక్షణ పోయింది. ఇది ఒక్కటే దాని ఆయుధం కాదు గాని, ముఖ్యమైన ఆయుధం. ట్రైకోడెర్మా కూడా కోప్రోజెన్ కుటుంబపు గరిగలు చేస్తుంది.

కిలో విత్తనానికి 10 గ్రాముల సూడోమోనాస్ పొడి పట్టించండి. ట్రైకోడెర్మా అయితే 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోలు కలిపి, నీడలో, తడిపిన గోనెపట్టా కప్పి వారం పది రోజులు ఉంచి, తెల్లగా అల్లుకున్నాక పదును ఉన్న నేలలో చల్లండి. పచ్చి పేడతో ఈ పని కాదు. వీటితో పాటు అదే రోజు రసాయన తెగులు మందు వేయకండి. ప్యాకెట్ మీద గడువు తేదీ చూడటం మరవకండి. ఇవి ప్రాణమున్నవి, ఎండలో పెట్టిన ప్యాకెట్‌లో శవాలే ఉంటాయి.

మిరప చుట్టూ రెండు మూడు వరుసల జొన్నో మొక్కజొన్నో వేయమనేది పురుగులకు అడ్డుగా. గడ్డిజాతి మొక్కల వేర్లు కూడా ఇనుమును పట్టే పదార్థం వదులుతాయి. మిరప వేరుకు ఆ విద్య రాదు, దానిది వేరే పద్ధతి. వేరు చుట్టూ పులుపు వదిలి, తుప్పును కరిగే రూపంలోకి మార్చుకుంటుంది. కుడి కాలువ నీళ్లు వదిలినప్పుడు చాళ్లలో నీరు నిలిస్తే, సున్నపు నేలల్లో ఆ పులుపు విరిగిపోతుంది. అందుకే పల్లపు మడిలో పసుపు ముందు కనిపిస్తుంది. మందు కన్నా ముందు నీరు తీయండి.

లోపం కనబడ్డ తోటకు అన్నభేది నేలలో చల్లడం డబ్బు తుప్పు పట్టించడమే. ఆకు మీద కొట్టాలి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు. వారం పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు. ఈ నిమ్మ ఉప్పు రుచి కోసం కాదు, అదే ఇక్కడ మన చవక గరిగ. ఇనుమును పట్టుకుని తుప్పు కాకుండా ఆపుతుంది. కొంతమంది అది మానేసి అన్నభేది ఒక్కటే కొట్టి ఫలితం లేదంటారు. ముందు నిమ్మ ఉప్పు నీటిలో కలిపి, తర్వాత అన్నభేది వేయండి. ద్రావణం ఎర్రమట్టి రంగుకు తిరిగితే పారబోయండి, అది పనిచేయదు. కొనేటప్పుడు లేత ఆకుపచ్చ పలుకులు చూసి కొనండి, పైన గోధుమరంగు పొడి పట్టినది పాతబడ్డ సరుకు. సాయంత్రం పూట కొట్టండి. 19-19-19 లాంటి భాస్వరం ఉన్న ఎరువుతో, రాగి మందులతో కలపకండి.

చిలేటెడ్ ఇనుము పేరుతో కొట్లో దొరికేవన్నీ ఒకటి కాదు. ఈడీటీఏ అని రాసి ఉన్నది ఆకు మీద పిచికారీకి పనికొస్తుంది, మన సున్నపు నేలలో డ్రిప్పుతో ఇస్తే ఇనుమును నిలబెట్టుకోలేదు. ఈడీడీహెచ్ఏ అన్నది నిలబెడుతుంది గాని ఖరీదు. చిన్న రైతుకు అన్నభేది, నిమ్మ ఉప్పు చాలు.

ఇక స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిపిన పొడి. పత్తిలో నల్లమచ్చకు, మిరపలో బ్యాక్టీరియా ఆకుమచ్చకు మన ప్రాంతంలో ఏళ్ల తరబడి ఇది కొట్టారు. టెట్రాసైక్లిన్ సుబ్బారావు ప్రయోగశాల మందుకు తమ్ముడే. మనిషి ప్రాణం నిలిపే మందును పొలాల్లో గుప్పిస్తే, దాన్ని తట్టుకునే క్రిములే మిగిలి పెరుగుతాయి. రేపు ఇంట్లో పిల్లవాడికి జబ్బు చేస్తే ఆ మందు పనిచేయకపోవచ్చు. 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ పంటలపై వీటి వాడకాన్ని నిషేధించేందుకు ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది. ఎవరైనా ఇప్పటికీ అమ్మజూపితే తీసుకోకండి. ఆకుమచ్చ మొదలైన కొత్తలో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టండి. దానికీ అన్నభేది పిచికారీకీ మధ్య కనీసం వారం ఎడం ఉంచండి. ఏ లోపమో తేల్చుకోలేకపోతే పసుపెక్కిన రెండు కొమ్మలు, బాగున్న రెండు కొమ్మలు విడివిడిగా కట్టి, భూసార కార్డుతో పాటు మీ రైతు సేవా కేంద్రానికి తీసుకురండి.